బావ రంగు, బామ్మర్ది రంగు

నేను వెబ్ పేజీలు చెయ్యడం మొదలుపెట్టిన రోజుల్లో గుంటూరు వ్యాపారస్తులకి వెబ్‌సైట్ అంటే విజిటింగ్ కార్డు మీద ఇంకో లైను. ఫోన్ నంబరు కింద, ఫ్యాక్స్ నంబరు కింద, మూడు డబ్ల్యూలతో మొదలయ్యే లైను. దాన్ని ఎవరైనా తెరిచి చూస్తారన్న అనుమానం చాలామందికి ఉండేది కాదు. అందుకే ఆ పనిలో గొడవలు తక్కువ. నాకు గొడవంటూ వచ్చింది ఒక మిర్చి కంపెనీలో. అక్కడ ఇద్దరు భాగస్వాములు తమ సైటుని నిజంగానే చూడటం మొదలుపెట్టారు.

ఈమధ్య ఒక కాలేజీవాళ్ళు పిల్లలతో మాట్లాడమంటే వెళ్ళాను. ఒకమ్మాయి తన ఫోన్లో తెల్లటి తెరని ఒక్క వేలితో నల్లగా మార్చి, "మీ కాలంలో ఇవన్నీ ఉండేవి కావు కదండీ" అంది. నాకు నవ్వొచ్చింది. ఉండేదమ్మా. దాని మూలంగానే ఒక పొద్దున నన్ను ఆఫీసులోంచి పంపించేశారు, భోజనాల వేళకి మళ్ళీ పిలిచారు. ఆ కథ అక్కడ సగమే చెప్పగలిగాను, గంట కొట్టేశారు. మిగతాది కూడా కలిపి ఇక్కడ రాస్తున్నాను.

మాది ప్రత్తిపాడు దగ్గర పల్లె. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. నేను గుంటూరులో టైపు ఇన్‌స్టిట్యూట్లో పాఠం చెప్పేదాన్ని. టైపు మిషన్లు పోయి కంప్యూటర్లు వచ్చాక అదే మేడ మీద, అదే ఓనరు దగ్గర డీటీపీకి మారాను. పెళ్ళి శుభలేఖలు, క్రిస్మస్ కార్డులు, పత్తి విత్తనాల కరపత్రాలు. ఒకరోజు పొద్దున్నే వచ్చేసరికి కింద బోర్డు మీద పెయింటరు "వెబ్ డిజైనింగ్" అని రాస్తున్నాడు. పైకెళ్ళి ఓనర్ని అడిగాను, ఇదెవరు చేస్తారని.

"మీరే టీచర్ గారూ. కొంచెం నేర్చుకోవాలి."

"ఎప్పటికల్లా?"

"పెయింటు ఆరేలోపు."

ఆయన మంచివాడే. కాకపోతే లేదు అనే మాట నోటికి రాదు. ఎవరేం అడిగినా "అయిపోతుంది సార్" అనేవాడు. అది ఎలా అవుతుందన్నది నా తలనొప్పి. పుస్తకాలు చదివి, తప్పులు చేసి, దిద్దుకుని, ఏడాది తిరిగేసరికి నేనూ వెబ్ డిజైనర్ని అయ్యాను. అప్పటికి నా వయసు నలభైకి దగ్గర. పాత అలవాటుకొద్దీ అందరూ టీచర్ గారనే పిలిచేవారు.

ఆ మిర్చి కంపెనీ ఆఫీసు మార్కెట్ యార్డుకి దగ్గర్లో ఉండేది. మెట్లెక్కుతుంటేనే తుమ్ములు మొదలయ్యేవి. భాగస్వాములు బావాబామ్మర్దులు. పెద్దాయన అరవై దాటినవాడు. తెల్ల పంచె, భుజాన కండువా, మందపాటి కళ్ళద్దాలు. యార్డులో ఆయన చూపుకి పేరుండేది. కుప్పలోంచి ఒక కాయ తీసి ఎండకి పట్టుకుని, ఏ నేలలో పండిందో, ఎన్నో కోతో చెప్పేవాడట. చిన్నాయన ఆయన భార్యకి తమ్ముడు. నలభై ఏళ్ళుంటాయి. ఇస్త్రీ ప్యాంటు, మెరూన్ రంగు చొక్కా, చేతిలో సెల్‌ఫోను. వెబ్‌సైట్ కావాలన్నది ఆయనే. మద్రాసు నుంచి ఒక మసాలా కంపెనీ పెద్దమనిషి ఆ సీజన్‌కి మొత్తం సరుకు ఒక్కచోటే కొంటానన్నాడట. వచ్చే ముందు అందరి వెబ్‌సైట్లూ చూసి వస్తానని కూడా అన్నాడట. ఆ మాటతో యార్డు చుట్టుపక్కల కంపెనీలన్నీ ఒక్కసారిగా మాలాంటి వాళ్ళ మెట్లెక్కాయి.

చిన్నాయన నాకు స్పష్టంగా చెప్పాడు. "మేడం, మనం అమ్మేది మిర్చి. తెరిస్తే కళ్ళు మండాలి."

మండేట్టే చేశాను. ముదురు ఎరుపు మీద లేత ఎరుపు అక్షరాలు. పైనుంచి మిరపకాయలు వానలా రాలుతూ ఉంటాయి. చిన్నాయన ఆనందానికి హద్దు లేదు. పెద్దాయన్ని పిలిచి చూపించాడు. ఆయన తెర దగ్గరకంటా వంగి చాలాసేపు చూశాడు.

"ఇందులో ఏం రాశావమ్మా?" అన్నాడు నన్ను.

చదివి వినిపించాను.

"రాసింది బాగుంది. రంగు మార్చు. పసుపు మీద నలుపు పెట్టు. అక్షరాలు ఇంతింత ఉండాలి" అని బొటనవేలు చూపించాడు. "బస్సు బోర్డు చూశావా? అలా. దూరం నుంచి కనపడని బోర్డు ఒక బోర్డేనా?"

"బావా, కంప్యూటరు ముందు ఎవరూ బస్టాండులో నిలబడ్డట్టు నిలబడరు" అన్నాడు చిన్నాయన.

"నిలబడనీ, కూర్చోనీ. కనపడాలి."

మార్చాను. మర్నాడు చిన్నాయన చూసి, ఇది మిర్చి కంపెనీయా, పసుపు కొమ్ముల దుకాణమా అన్నాడు. మళ్ళీ ఎరుపు చేశాను. పెద్దాయన మళ్ళీ పసుపన్నాడు. మధ్యేమార్గంగా నారింజ రంగు వేసి చూశాను. ఆ ఒక్కటీ ఇద్దరికీ నచ్చలేదు.

చూస్తుండగానే ఇద్దరి మధ్యా మాటలు ఆగిపోయాయి. పక్కపక్క గదులు, మధ్యలో తలుపు తెరిచే ఉంటుంది. అయినా "మీ చిన్నసారుకి చెప్పమ్మా, నా ప్రాణం ఉండగా ఎరుపు కుదరదని" అనేవాడు పెద్దాయన. నేను చెప్పేలోపే "విన్నాను మేడం, ఆయనకి చెప్పండి, నేను కూడా ప్రాణంతోనే ఉన్నానని" అని అటునుంచి వచ్చేది. అంతవరకూ ఇంటి నుంచి ఇద్దరికీ కలిపి ఒకే క్యారియరు వచ్చేదట. అక్కగారు విసిగిపోయి రెండు పంపడం మొదలుపెట్టింది. ముప్పై ఏళ్ళుగా బావ వేలు పట్టుకుని వ్యాపారం నేర్చుకున్న మనిషి, విడిపోయి వేరే కొట్టు పెట్టుకుంటానని మా ఓనరు దగ్గర అన్నాడంటే మీరు నమ్మాలి.

మా ఓనరు నన్ను పిలిచి కూర్చోబెట్టాడు. "టీచర్ గారూ, శుభలేఖలే నయం. అక్కడ రంగు గురించి తగాదా రాదు. ఇది కూడా తెగకపోతే బోర్డు మీద ఆ ముక్క చెరిపించేద్దాం." ఆ ముక్కతో పాటు నా ఉద్యోగం కూడా చెరిగిపోతుందని ఆయన అనలేదు. అనక్కర్లేదు. డీటీపీకి అప్పటికే నా సగం వయసున్న వాళ్ళిద్దరొచ్చారు.

దారి దొరికింది ఒక పత్రికతో వచ్చిన సీడీలో. అప్పట్లో మేమందరం వాడేది కంప్యూటరుతో పాటే వచ్చే బ్రౌజరు, నీలం రంగు ఇంగ్లీషు "ఇ" అక్షరం బొమ్మతో ఉండేది. ఆ సీడీలో ఇంకో బ్రౌజరు ఉంది. దాని బొమ్మ ఎర్రటి డైనోసారు. మా ఓనరు చూసి బల్లి అన్నాడు, అదే పేరు స్థిరపడింది. దానితో వచ్చిన సమాచారం చదువుతుంటే ఒక సంగతి కంటపడింది.

విషయం తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. వెబ్ పేజీలో రాసిన సంగతి ఒక ఫైల్లో ఉంటుంది. దానికి ఏ రంగు వెయ్యాలి, అక్షరం ఎంత ఉండాలి అన్నది వేరే ఫైల్లో పెట్టుకోవచ్చు. దాన్ని స్టైల్ షీట్ అంటారు. మనిషి ఒకరే, బట్టలు వేరు. నేను కొత్తగా తెలుసుకున్నదేంటంటే, ఒకే పేజీకి రెండు జతల బట్టలు కుట్టించి పెట్టొచ్చు. ఒకటి మామూలుగా తొడిగేది, రెండోది ప్రత్యామ్నాయం. ఒక్కోదానికి ఒక్కో పేరు పెడితే, బల్లి బ్రౌజరు పైన "వ్యూ" మెనూలో ఆ పేర్లు చూపిస్తుంది. చూసేవాళ్ళు ఏది కావాలంటే అది ఎంచుకోవచ్చు. మా నీలం బ్రౌజరులో మాత్రం అలాంటి మెనూ లేదు. రెండో జత ఉందన్న సంగతే అది బయటపెట్టదు.

నాకు ఒళ్ళు పులకరించింది. సైటు ఒక్కటే. చిన్నాయన గదిలో ఎరుపు, పెద్దాయన గదిలో పసుపు. ఎవరి ప్రాణానికీ ముప్పు లేదు. ఆ రెండు జతలకీ పేర్లు పెట్టాల్సొచ్చినప్పుడు ఏది ఎవరిదో మర్చిపోకుండా ఒకదానికి "బావ" అనీ, రెండోదానికి "బామ్మర్ది" అనీ ఇంగ్లీషు అక్షరాల్లో పెట్టాను. ఎరుపు ముందు చేశాను కాబట్టి మామూలుగా కనపడేది అదే.

ఇద్దరి కంప్యూటర్లలోనూ బల్లిని ఎక్కించడానికి మా ఓనరూ నేనూ వెళ్ళాం. పెద్దాయనకి ఆ బొమ్మ గురించి చెప్తే కాస్త వెనక్కి జరిగాడు.

"ఎర్రబల్లా? దాని ఫలం ఏంటి?"

"ధనలాభం సార్" అన్నాడు మా ఓనరు, రెప్ప కూడా వెయ్యకుండా.

మెనూలోకి వెళ్ళి పసుపు ఎంచి చూపించాను. పెద్దాయన మొహం విప్పారింది. మొదటి పేజీ అంతా తనే గొంతెత్తి చదివాడు. ఆ తర్వాత సరుకుల పేజీ మీద నొక్కాడు. ఎర్రటి పేజీ వచ్చింది.

"టీచరమ్మా, రెండో పేజీలో మా బామ్మర్ది దూరాడు."

బల్లికి అంత తెలివి ఉందిగానీ జ్ఞాపకం లేదు. మెనూలో ఎంచుకున్నది ఆ పేజీ వరకే. పేజీ మారితే మళ్ళీ మొదటికే వచ్చేది. ఇది నాకు అక్కడ, ఆయన పక్కన నిలబడ్డాకే తెలిసింది. "అయిపోతుంది సార్" అన్నాడు మా ఓనరు. నేను వెనక్కొచ్చి, చూసేవాళ్ళు ఏ రంగు ఎంచుకున్నారో ఆ కంప్యూటరులోనే గుర్తు పెట్టుకునే చిన్న ప్రోగ్రాము ముక్క ఒకటి సంపాదించి, పేజీలన్నిటికీ తగిలించాను. ఇక పేజీ మారినా, కంప్యూటరు ఆపి మళ్ళీ పెట్టినా పెద్దాయనకి పసుపే, చిన్నాయనకి ఎరుపే.

పక్క గదిలో ఇంకో రంగు ఉందన్న ఒక్క సంగతి మాత్రం ఇద్దరికీ చెప్పలేదు. చెప్పొద్దని మా ఓనరు బతిమాలాడు. నాకూ చెప్పాలనిపించలేదు. దాంతో ఇద్దరూ తామే గెలిచామనుకున్నారు.

గెలిచిన మనిషికి ఎంత ఔదార్యం వస్తుందో నేను ఆ వారాల్లో చూశాను. పాపం ఓడిపోయాడు కదా అని పెద్దాయన బామ్మర్దికి తాటి ముంజలు తెప్పించాడు. పెద్దవాడు, మనసు కష్టపెట్టాను కదా అని చిన్నాయన బావకి కొత్త కుర్చీ కొన్నాడు. క్యారియరు మళ్ళీ ఒకటైంది. ఒకరోజు వాళ్ళు తింటుండగా నేను అక్కడే ఉన్నాను.

"ఏరా, సైటు చూస్తున్నావా?" అన్నాడు పెద్దాయన.

"రోజూ చూస్తున్నాను బావా. ఆ రంగే వేరు."

"నేను చెప్పలా? కంటికి ఎంత హాయిగా ఉందో."

చిన్నాయన ముద్ద నోట్లో పెట్టుకుని, నాకేసి చూసి, కన్ను గీటాడు. పెద్దాయన లొంగిపోయాడని ఆయన సంతోషం. నేను మంచినీళ్ళు తాగే నెపంతో లేచొచ్చేశాను.

మద్రాసాయన వచ్చేరోజు వచ్చింది. ఆయన కూడా పెద్దవయసు మనిషే. నుదుటిన విభూతి, తమిళం కలిసిన తెలుగు. సైటుని ఆయన ముందు నడిపించడానికి నన్నూ, మా ఓనర్నీ రమ్మన్నారు. నేను పెద్దాయన గదిలో కంప్యూటరు సిద్ధంగా పెట్టి ఉంచాను. కానీ చిన్నాయన ముచ్చటపడి, వచ్చినాయన కోసమని ముందురోజే పెద్ద తెర ఉన్న కొత్త కంప్యూటరు కొని హాల్లో పెట్టించాడు. అందులో బల్లి లేదు. నీలం బ్రౌజరే ఉంది. నేను చూసేసరికి అందరూ కుర్చీల్లో కూర్చున్నారు, పేజీ తెరిచేశారు. ఎర్రటి తెర మీద మిరపకాయల వాన కురుస్తోంది.

చిన్నాయన మొహం వెలిగిపోతోంది. పెద్దాయనకి కోపం వస్తుందని నేను చూస్తున్నాను. రాలేదు. కళ్ళద్దాలు తీసి కండువాతో తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు.

మద్రాసాయన సరుకు గురించి పెద్దాయన్నే అడగడం మొదలుపెట్టాడు. యార్డులో ఆయన పేరు విని వచ్చిన మనిషి మరి. పెద్దాయన తడుముకోకుండా చెప్పుకుపోతున్నాడు. ఆ తర్వాత మద్రాసాయన లేచి, తెర మీద ఒక మూల వేలు పెట్టి, "ఇది ఏమి?" అన్నాడు.

అక్కడున్నది మెరూన్ చొక్కా వేసుకున్న చిన్నాయన ఫోటో.

పెద్దాయన కాస్త ముందుకి వంగి, "అదా, అది తేజ రకం" అన్నాడు. "ఘాటు ఎక్కువ, తూకం తక్కువ."

మద్రాసాయన కుర్చీలో కూలబడి, కళ్ళనీళ్ళు తిరిగేదాకా నవ్వాడు. మా ఓనరూ నవ్వాడు. చిన్నాయన మొహం చొక్కా రంగుకి వచ్చింది. "ఇప్పుడే వస్తాను" అని లేచి వరండాలోకి వెళ్ళిపోయాడు.

పెద్దాయన నా వైపు వంగి, మెల్లిగా అడిగాడు. "ఏమైందమ్మా? ఎందుకు నవ్వుతున్నాడు?"

అప్పుడర్థమైంది నాకు. ప్రతిసారీ "ఏం రాశావమ్మా" అని చదివించుకోవడం, బొటనవేలంత అక్షరాలు, బస్సు బోర్డు. ఆయనకి ఎరుపంటే పంతం లేదు. ఎరుపులో ఏదీ కనపడటం లేదు. మిరపకాయ రంగు చూసి బతికే మనిషికి.

ఆలోచించడానికి టైము లేదు. "సార్, లోపలి గదిలో ఇంకా బాగా కనపడుతుంది, అక్కడ చూద్దాం" అన్నాను. మద్రాసాయన కూడా కళ్ళద్దాలు నుదుటిమీదకి నెట్టి, దించి, అవస్థపడుతున్నాడు కాబట్టి వెంటనే లేచాడు. పెద్దాయన గదిలో పసుపు పేజీ ఉంది. పెద్దాయన తన కుర్చీలో కూర్చుని, మౌసు పట్టుకుని, ఒక్కో రకం గురించి చదువుతూ, చెప్తూ, నన్ను నేనే మర్చిపోయేంత బాగా మాట్లాడాడు. మద్రాసాయన "ఇది బాగుంది, ఇది చదవవస్తుంది" అని తలూపుతున్నాడు.

చిన్నాయన కోపం దిగమింగుకుని తిరిగొచ్చాడు. గుమ్మంలోనే ఆగిపోయాడు.

"ఇదేంటి? ఇది మన సైటు కాదే."

"మనదే సార్" అన్నాడు మా ఓనరు.

"మనది ఎరుపు కదా?"

"ఎరుపేంట్రా, ఎప్పుడో పసుపు అయిపోయిందిగా. హాల్లో ఆ బల్లి మళ్ళీ మర్చిపోయి ఉంటుంది" అన్నాడు పెద్దాయన. "నువ్వు రోజూ చూస్తున్నానన్నావు?"

అందరూ నా వైపు తిరిగారు. చెప్పక తప్పింది కాదు. ఒకే పేజీకి రెండు రకాల స్టైల్ షీట్లు ఉండొచ్చనీ, ఎవరికి నచ్చింది వాళ్ళు ఎంచుకోవచ్చనీ చెప్తూ, ఎలాగో చూపిద్దామని మెనూ కిందికి లాగాను. లాగాక గుర్తొచ్చింది అందులో ఏం పేర్లు ఉన్నాయో.

మద్రాసాయన కళ్ళద్దాలు సర్దుకుని, ఒక్కో అక్షరం కూడబలుక్కుని చదివాడు. "బా...వ. బా...మర్...ది." తలెత్తి వాళ్ళిద్దర్నీ మార్చిమార్చి చూశాడు. "మీరు ఇద్దరా?"

ఆయన చాలా మెచ్చుకుని, మా ఇంట్లో కూడా ఇటువంటి ఏర్పాటు ఉంటే ఎంత బాగుండును అని, మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీలో సరుకు చూస్తానని చెప్పి హోటల్‌కి వెళ్ళాడు. ఆయన కారు కదిలేదాకా బావాబామ్మర్దులు చేతులు ఊపారు. తర్వాత ఇద్దరూ నా మీదకి తిరిగారు. ఈ కథ మొదలయ్యాక వాళ్ళు ఒకే మాట మీద నిలబడటం అదే మొదటిసారి. ఆ మాట, నీ పని మాకు అక్కర్లేదు, వెళ్ళమని.

బ్యాగు తీసుకుని మెట్లు దిగాను. మా ఓనరు ఏదో సర్దిచెప్దామని ఉండిపోయాడు. నేను కింద కాటా పక్కన బల్ల మీద కూర్చున్నాను. పైన కిటికీ తెరిచే ఉంది. ఆ ఇద్దరివీ చిన్న గొంతులు కావు.

"సైటు సంగతి తర్వాత బావా. పదిమందిలో నా ఫోటో చూసి తేజ అంటావా? తూకం తక్కువ అంటావా?"

"నీ ఫోటోనా?"

ఈసారి చిన్నాయన గొంతు వేరేగా వచ్చింది.

"బావా. అది నా ఫోటో అని నీకు తెలీలేదా?"

"ఎర్రగా ఏదో కనపడిందిరా. మన సైట్లో ఎర్రగా ఉండేది మిరపకాయ కాక ఇంకేం ఉంటుంది?"

"ఎప్పట్నించి?"

"రెండు మూడు సీజన్లు అయింది. శుక్లాలు. ఒంగోల్లో చూపించుకున్నాను, ఇక్కడైతే తెలిసిపోతుందని. ఆపరేషను చేస్తే నెలరోజులు మిరప దుమ్ములోకి వెళ్ళకూడదన్నాడు డాక్టరు. సీజన్‌లో నెలరోజులు నేను కనపడకపోతే యార్డులో ఏమనుకుంటారు?"

"మరి కాయ ఎలా చూస్తున్నావు?"

"వాసన చూస్తున్నాను. తొడిమ విరిచి చూస్తున్నాను. గుప్పిట్లో పట్టుకుంటే తాలు కాయ తెలియదూ? ఇన్నాళ్ళలో ఒక్కటైనా తప్పు పోయిందా?"

"పోలేదు" అన్నాడు చిన్నాయన. "నన్ను అడగొచ్చుగా బావా."

"నీకు చూడటం నేర్పింది నేను. నిన్నెలా అడుగుతానురా?"

నేను లేచి బయటికి వెళ్ళిపోదామనుకున్నాను. అంతకుమించి వినడం పద్ధతి కాదనిపించింది. గేటు దాకా వెళ్ళేసరికి మా ఓనరు వెనకనుంచి పరిగెత్తుకుంటూ వచ్చాడు. "టీచర్ గారూ, భోజనానికి రమ్మంటున్నారు. క్యారియర్లో మీకు కూడా ఉందట." పైకి వెళ్తే చిన్నాయన నాకు కంచం జరిపి, అన్నం వడ్డించి, ఆ విషయం మాత్రం ఎత్తలేదు. ఎర్ర పేజీలో తన ఫోటో ఉన్నచోట అక్షరాలు కొంచెం పెద్దవి చెయ్యడం కుదురుతుందా అని మాత్రం అడిగాడు.

మద్రాసాయన సరుకు వాళ్ళ దగ్గరే తీసుకున్నాడు. మధ్యాహ్నం కోల్డ్ స్టోరేజీలో బావాబామ్మర్దులు పక్కపక్కనే నడిచారట. ఆ సీజన్ అయ్యేవరకూ యార్డులో కూడా అలాగే నడిచారు. చిన్నాయన కళ్ళతో చూసి బావ చెవిలో రంగు చెప్పేవాడు, పెద్దాయన ముక్కుతో చూసి రకం చెప్పేవాడు. ఇద్దరి మధ్యా ఎంత సఖ్యతో అని యార్డంతా చెప్పుకున్నారు.

ఎండలు ముదిరి యార్డుకి సెలవులిచ్చాక ఆపరేషను గుంటూరులోనే చేయించారు. పెద్దాయన ఎంత భయపడ్డాడంటే, మా పాస్టరు గారి చేత కూడా ప్రార్థన చేయించమని నాకు కబురు పెట్టాడు. పెదకాకాని శివుడి గుళ్ళో మొక్కు ఎలాగూ ఉంది. ఎందుకైనా మంచిదని అన్నాడట.

కట్టు విప్పిన కొన్నాళ్ళకి నల్లద్దాలతో ఆఫీసుకొచ్చి నన్ను పిలిపించాడు. ముందు పసుపు పేజీ చూశాడు.

"ఇదేంటమ్మా, కామెర్లు వచ్చినట్టు ఉంది? ఇన్నాళ్ళూ ఇదేనా నేను చూసింది?"

ఎరుపు పెట్టాను. మిరపకాయల వాన కిందికి పడుతుంటే చిన్నపిల్లాడిలా చూశాడు. మళ్ళీ మళ్ళీ పెట్టించుకున్నాడు. తర్వాత బామ్మర్ది ఫోటో దగ్గర ఆగాడు.

"ఒరేయ్, ఈ చొక్కా ఎవరు కొన్నార్రా నీకు?"

"నువ్వే బావా. పోయిన ఉగాదికి."

"కళ్ళు లేనప్పుడు కొన్నాను" అన్నాడు పెద్దాయన.

ఇక పసుపు అక్కర్లేదు కదా తీసేయమంటారా అని అడిగాను. చిన్నాయన తియ్యొద్దన్నాడు. మద్రాసాయన ఫోన్ చేశాడట. వాళ్ళ ఆఫీసు కంప్యూటర్లో నీలం బ్రౌజరే ఉంది, ఆ రోజు చూసిన పెద్ద అక్షరాలు ఎక్కడా దొరకడం లేదని. మెనూ లేని బ్రౌజరు వాళ్ళకి కూడా పనికొచ్చేట్టు పేజీ మీదే ఒక బటన్ పెట్టొచ్చని చెప్పాను. నేను తగిలించిన ప్రోగ్రాము ముక్క నీలం బ్రౌజరులో కూడా రంగు మార్చగలదు. మెనూని నమ్ముకునే బాధ లేదు. తర్వాతి రోజుల్లో చాలా బ్రౌజర్లు ఆ మెనూని పట్టించుకోనేలేదు. బల్లి తర్వాత దాని వారసుడిగా వచ్చిన నక్క బొమ్మ బ్రౌజరు మాత్రం చాలాకాలం దాన్ని మెనూల్లో ఒక మూల దాచిపెట్టుకుంది. ఎవరికీ తెలియని మెనూ ఉన్నా లేనట్టే. అందుకని ఆ తర్వాత నేను చేసిన ప్రతి సైట్లోనూ బటన్ పేజీ మీదే పెట్టాను.

ఆ బటన్ మీద ఏం రాయాలన్నది తేలాలి. బావ, బామ్మర్ది అన్న పేర్లు ఎలాగూ పనికిరావు. చిన్నాయన బాగా ఆలోచించి, "కంటిచూపు తక్కువున్న వారి కోసం అని ఇంగ్లీషులో రాయండి మేడం. మర్యాదగా ఉంటుంది" అన్నాడు. మా ఓనరు అయిపోతుంది సార్ అనేశాడు. నేను టైపు చెయ్యబోతుంటే పెద్దాయన చెయ్యి అడ్డం పెట్టాడు.

"అలా రాస్తే ఎవడూ నొక్కడమ్మా. నేనైతే చచ్చినా నొక్కను. పెద్ద అక్షరాలు అని రాసి ఊరుకో."